వీధి దీపం కింద ఇద్దరు

('మహానగర్' ప్రదర్శనకు ముందు ఒక ఛాయాగ్రాహకుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినబడుతోంది కదా? మంచిది. ఈ సాయంత్రం మనం చూడబోయే సినిమా రెండు గంటలకు పైన ఉంటుంది. అంత సినిమాకు ముందు నేను ఎక్కువసేపు మాట్లాడితే మీకు కష్టం. అయినా ఈ సినిమా గురించి మాట్లాడమంటే కాదనలేకపోయాను. ముప్పై ఏళ్లకు పైగా కెమెరా వెనక నిలబడ్డాను. ఆ పనిలో నాకు తెలిసినదాంట్లో సగం ఈ సినిమాను మళ్లీ మళ్లీ చూసి తెలుసుకున్నదే.

సినిమా దగ్గరికి వెళ్లే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. నాకు పెళ్లయిన కొత్తలో మేము చిక్కడపల్లిలో ఒక పోర్షన్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు, వంటిల్లు. అమ్మ, నాన్న, చెల్లెలు, నేను, నా భార్య. ఇంటివాళ్లకూ మాకూ కలిపి ఒకే పెరడు, ఒకే కుళాయి. మీలో చాలామందికి ఆ పోర్షన్లు తెలుసు, మీ ముఖాలు చూస్తేనే అర్థమవుతోంది. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు, చోటు లేదు, అంతే. నా భార్యతో రెండు మాటలు మాట్లాడాలంటే ఎక్కడ మాట్లాడాలి? గట్టిగా మాట్లాడితే అందరూ వింటారు. గుసగుసగా మాట్లాడితే అందరూ ఇంకా శ్రద్ధగా వింటారు. అందుకని రాత్రి భోజనాలయ్యాక 'తోడుకు పెరుగు లేదు, తెస్తాం' అని చెప్పి ఇద్దరం చిన్న గిన్నె పట్టుకుని బయటికి వచ్చేవాళ్లం. ఇంట్లో పెరుగు ఉందని అమ్మకు తెలుసు, నాన్నకు తెలుసు. ఒక్కరోజు కూడా ఎవరూ ఏమీ అనలేదు. సందు చివర ఒక కరెంటు స్తంభం ఉండేది. పైన రేకు టోపీ, దాని కింద ఒక బల్బు, బల్బు చుట్టూ పురుగులు. ఆ గిన్నె చేతిలో పెట్టుకుని ఆ దీపం కింద నిలబడి ఇంటద్దె గురించి, చెల్లెలి చదువు గురించి, ఆమె ఉద్యోగంలో చేరాలా వద్దా అన్న దాని గురించి మాట్లాడుకునేవాళ్లం. మా సంసారంలో పెద్ద నిర్ణయాలన్నీ ఆ స్తంభం దగ్గరే జరిగాయి. ఆమె ఇవాళ ఇక్కడే, ముందు వరుసలోనే కూర్చుని ఉంది. నేను చెప్పినదాంట్లో తప్పుంటే తర్వాత మీకు చెబుతుంది.

ఇది ఎందుకు చెబుతున్నాను? నగరంలో జరిగే కథ ఏది చూసినా నేను మొదట వెతికేది ఆ స్తంభాన్నే. ఈ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి చోటెక్కడుంది? ఆ చోటు వాళ్లకు ఎవరిచ్చారు? అక్కడ వాళ్ల మీద పడే వెలుతురు ఎవరిది? ఛాయాగ్రాహకుడికి ఇవే మొదటి ప్రశ్నలు. సంభాషణ ఎంత బాగా రాసినా, నటులు ఎంత బాగా చేసినా, ఇద్దరు మనుషుల మధ్య ఎంత దూరం ఉందో, వాళ్ల వెనక ఏ గోడ ఉందో తేల్చాల్సింది కెమెరాయే. నగరం అంటే గోడలు కదా. ఎవరి గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నదే కదా నగరం.

నాకు చాలా ఇష్టమైన మూడు సినిమాల్లో వీధి దీపం ఉంది. మూడూ దాదాపు ఒకే కాలానివి. ఒకటి 1962లో వచ్చిన రోము సినిమా. ఒకటి 1963లో వచ్చిన కలకత్తా సినిమా, మనం చూడబోయేది. మూడోది 2000 సంవత్సరంలో వచ్చింది కానీ కథ 1962లో హాంకాంగ్‌లో మొదలవుతుంది. వీటిని ఎవరో ఏరి ఒకచోట పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను. ఒక్కో దీపం దగ్గర ఒక్కో జంట. ఒకచోట అసలు జంటే లేదు.

రోము సంగతి త్వరగా చెప్పేస్తాను. మికెలాంజెలో ఆంటోనియోని తీసిన 'లెక్లిస్సె'. అంటే గ్రహణం. ఛాయాగ్రహణం జానీ ది వెనాంజో. రోముకు దక్షిణాన ఎవుర్ అని ఒక పేట ఉంది. ముస్సోలినీ కాలంలో, 1942లో జరపాలనుకున్న ప్రపంచ ప్రదర్శన కోసం కట్టడం మొదలుపెట్టిన పేట అది. వెడల్పాటి రోడ్లు, పెద్ద పెద్ద తెల్లటి భవనాలు, మనుషులు తక్కువ. మన పోర్షన్‌కు పూర్తిగా ఎదురు. అక్కడ చోటుకు కొదవే లేదు. జంటగా నటించిన మోనికా విట్టి, అలైన్ డెలాన్ ఆ పేటలో ఒక మలుపు దగ్గర కలుసుకుంటూ ఉంటారు. కట్టడం పూర్తికాని ఒక ఇల్లు, ఒక నీళ్ల పీపా, రోడ్డు దాటడానికి గీసిన తెల్ల చారలు. ఆమె ఒక చెక్క ముక్కను ఆ పీపాలో పడేస్తుంది. చివర్లో సాయంత్రం అక్కడే కలుద్దామని ఇద్దరూ అనుకుంటారు. ఇద్దరూ రారు. దాదాపు ఏడు నిమిషాల పాటు కెమెరా ఒక్కటే వస్తుంది. ఆ పీపాను చూపిస్తుంది, దాంట్లోంచి నీళ్లు కారిపోతుంటాయి. ఆ చారలను చూపిస్తుంది. ఎవరో బస్సు దిగుతారు, వాళ్లు కాదు. చీకటి పడుతుంది. వీధి దీపం వెలుగుతుంది. సినిమా అయిపోయింది.

మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె జారిపోయినట్టయింది. వాళ్లిద్దరూ విడిపోయారని ఒక్క మాట లేదు. కన్నీళ్లు లేవు. నగరం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. వేళకు బస్సు వచ్చింది, వేళకు దీపం వెలిగింది. ఎవరో ఇద్దరు మనుషులు ఒకచోట నిలబడితేనే అది 'వాళ్ల చోటు'. వాళ్లు రాకపోతే అది మున్సిపాలిటీ మలుపు. చోటు ఎంత ఉన్నా ఆ ఇద్దరికీ సరిపోలేదు. నేను ఎందుకు దీన్ని ముందు చెప్పానంటే, చోటు ఉంటే చాలు అన్నీ బాగుంటాయి అని మనం అనుకోకూడదు కాబట్టి.

ఇప్పుడు కలకత్తాకు వద్దాం. నా మనసంతా ఇక్కడే ఉంది.

'మహానగర్' తీసిన సత్యజిత్ రాయ్ గురించి మీకు చెప్పనక్కర్లేదు. ఆయన ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర గురించి చెప్పాలి. 1930లో పుట్టాడు. ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ బెంగాల్‌లో 'ది రివర్' తీస్తుంటే, ఈ కుర్రాడు రోజూ వెళ్లి చూస్తూ నిలబడేవాడు. ఏ లైటు ఎక్కడ పెట్టారో నోటు పుస్తకంలో బొమ్మలు గీసుకునేవాడు. అంతకుమించి అనుభవం లేదు. రాయ్ మొదటి సినిమా 'పథేర్ పాంచాలి'కి కెమెరామన్‌గా పని మొదలుపెట్టే నాటికి సినిమా కెమెరా నడిపి ఎరగడు. తర్వాత 'అపరాజితో' 1956లో. కాశీలో ఒక పాత ఇల్లు, మధ్యలో ఆకాశం కనబడే వాకిలి. ఆ ఇంటి సెట్టును ఆరుబయట వేయాలనుకున్నారు. వర్షాల భయంతో స్టూడియోలోపలే వేయాల్సి వచ్చింది. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తతో మిత్ర వాదించాడు. పైనుంచి పడే పగటి వెలుతురుకు నీడ ఉండదు, స్టూడియో లైట్లేమో నీడలు వేస్తాయి, ఇది కుదరదు అన్నాడు. చివరికి తానే దారి కనుక్కున్నాడు. సెట్టు పైన తెల్లటి గుడ్డ కట్టించి, లైట్లను మనుషుల మీదికి కాకుండా ఆ గుడ్డ మీదికి తిప్పాడు. గుడ్డకు తగిలి తిరిగొచ్చిన వెలుతురు మెత్తగా, ఇంటి వాకిట్లో పడే పగటి వెలుతురులా పడింది.

మనకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెన్నెల తెలుసు. 'మాయాబజార్'లో ఆయన కురిపించిన వెన్నెల 1957 నాటిది. దాదాపు అదే సమయంలో కలకత్తాలో ఒక యువకుడు పగలును తయారుచేశాడు. రెండూ గొప్పవే. వెన్నెల మనల్ని ఇంటి నుంచి వేరే లోకానికి తీసుకెళ్తుంది. మిత్ర పగలు మనల్ని మన ఇంట్లోకే తీసుకొచ్చి కూర్చోబెడుతుంది.

దీనికీ మనుషుల మధ్య సంబంధాలకూ ఏమిటి లంకె? ఉంది. ఆ రోజుల్లో కథానాయిక ముఖానికి ఒక లైటు, జుట్టు మెరవడానికి వెనక నుంచి ఒక లైటు పెట్టేవారు. ఆమె గోడ నుంచి విడివడి కనబడేది. పక్కన ఉన్న అత్తగారికి ఆ లైటు ఉండదు. అంటే ఎవరు ముఖ్యమో వెలుతురే ముందే చెప్పేస్తుంది. నటి తన గుర్తు దగ్గర నిలబడితేనే ఆ వెలుతురు, పక్కకు అడుగేస్తే చీకటి. మిత్ర వెలుతురు అలా కాదు. గదంతా ఒకటే పరచుకుంటుంది. కోడలు, అత్తగారు, మామగారు, ఆడపడుచు, పిల్లవాడు, గోడకు తగిలించిన చొక్కా, అందరికీ అదే వెలుతురు. అందులో ఎవరైనా ఎక్కడికైనా కదలవచ్చు. ఉమ్మడి ఇంట్లో ఉన్న నిజం అదే కదా? ఎవరికీ ప్రత్యేకంగా ఒక మూల ఉండదు, ఒక దీపం ఉండదు. నేను ఆ పోర్షన్‌లో బతికినవాణ్ని కాబట్టి ఆ వెలుతురు చూడగానే గుర్తుపట్టాను.

'మహానగర్' కన్నా ముందు, 1959లో వచ్చిన 'అపుర్ సంసార్' గురించి ఒక్క మాట. ఒక్క మాటంటాను కానీ రెండు మాటలవుతాయి, క్షమించండి. అపు కలకత్తాలో రైలు పట్టాల పక్కన ఒక డాబా మీది గదిలో అద్దెకుంటాడు. అపుగా వేసింది సౌమిత్ర చటర్జీ. అద్దె కూడా బాకీ. అనుకోకుండా పెళ్లయి, పల్లెటూరి సంపన్నుల ఇంటి అమ్మాయి అపర్ణ ఆ గదిలోకి వస్తుంది. షర్మిలా టాగూర్, ఆమెకు అదే మొదటి సినిమా. ఆ అమ్మాయి గదిలోకి వచ్చి కిటికీ దగ్గరికి వెళ్తుంది. కిటికీకి చిరిగిపోయిన తెర. ఆమె ఏడుస్తోంది. ఆ చిరుగులోంచి కింద చూస్తుంది. కింద ఒక తల్లి, ఒక చిన్న బిడ్డ. కెమెరా ఆ చిరుగులోంచి ఆమె కన్ను చూపిస్తుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు అదే కిటికీకి కొత్త తెర, పక్కన ఒక మొక్క. అంతే. ఈ అమ్మాయి ఈ నగరంతో, ఈ మనిషితో రాజీపడింది, ఈ గదిని తన ఇల్లు చేసుకుంది అని చెప్పడానికి ఆయనకు మాటలు అక్కర్లేకపోయాయి. ఒక తెర చాలింది.

అదే సినిమాలో ఇద్దరూ ఒక సినిమాకు వెళ్తారు. తిరిగి గుర్రబ్బండిలో వస్తారు. సినిమా తెర చతురస్రం కరిగి గుర్రబ్బండి వెనక కిటికీగా మారుతుంది. ఆ బండిలో చీకటి. ఆమె అతని సిగరెట్టుకు అగ్గిపుల్ల గీస్తుంది. ఆ మంట వెలుతురులో అతను ఆమె ముఖం చూస్తాడు. నీ కళ్లలో ఏముంది అని అడుగుతాడు. ఆమె 'కాటుక' అంటుంది. ఇంతకన్నా అందమైన ప్రేమ సంభాషణ నేను వినలేదు. గమనించండి, వాళ్లకు ఏకాంతం దొరికింది గుర్రబ్బండిలో. నగరం నడివీధిలో, కదులుతున్న బండిలో. వెలుతురు అగ్గిపుల్ల ఉన్నంతసేపే.

సరే, 'మహానగర్'. కథ నరేంద్రనాథ్ మిత్ర రాసింది. బ్యాంకులో పనిచేసే సుబ్రత, పేరు చూసి కంగారుపడకండి, ఛాయాగ్రాహకుడి పేరు కూడా అదే. సుబ్రత పాత్ర అనిల్ చటర్జీ చేశాడు. అతని భార్య ఆరతి, మాధవి ముఖర్జీ. అత్తగారు, రిటైరైన బడిపంతులు మామగారు, ఆడపడుచు బాణి, కొడుకు పింటూ. బాణిగా వేసిన అమ్మాయి జయా భాదురి, తర్వాత జయా బచ్చన్. ఒక్క జీతం, ఆరుగురు. ఇల్లు గడవక ఆరతి ఉద్యోగానికి వెళ్తుంది. అల్లిక యంత్రాలను ఇంటింటికీ తిరిగి అమ్మే ఉద్యోగం. మామగారికి ఇది నచ్చదు, కొడుకుతో మాట్లాడటం మానేస్తాడు.

ఆ ఇల్లు స్టూడియోలో బన్సీ చంద్రగుప్త వేసిన సెట్టు. స్టూడియోలో చోటుకేం తక్కువ? కావాలంటే గది ఎంత పెద్దదైనా వేయవచ్చు. ఆయన ఇరుకుగా వేశాడు. ఛాయాగ్రాహకులకు ఇరుకు గది అంటే భయం. ఎందుకంటే మనం వెనక్కి జరగడానికి ఉండదు. అప్పుడు చేతికందే ఉపాయం వెడల్పాటి లెన్సు. దాన్ని పెడితే అంతా ఫ్రేములో పడుతుంది. కానీ ఒక ప్రమాదం ఉంది. ఆ లెన్సు గదిని సాగదీస్తుంది. పది అడుగుల గది పదిహేను అడుగులుగా కనబడుతుంది. మేము ఎన్నో సినిమాల్లో ఆ తప్పు చేశాం. పేదవాడి ఇల్లని కథలో ఉంటుంది, తెర మీద చూస్తే పెళ్లి చేయగలిగేంత హాలు. ఈ సినిమా చూసేటప్పుడు ఆ గదుల కొలతను గమనించండి. ఒకరు కూర్చుని ఉంటే ఇంకొకరు వాళ్లను దాటుకుని వెళ్లాలి. ముందు ఇద్దరు మాట్లాడుకుంటుంటే వెనక గుమ్మంలో మూడో మనిషి ఉంటారు. ఒక మనిషి ఒంటరిగా ఉన్న క్షణం ఆ ఇంట్లో ఎంత అరుదో చూడండి. మరి భార్యాభర్తల మాటలు? రాత్రే. తగ్గు గొంతులోనే.

అలాంటి ఇంటి నుంచి బయటికి వెళ్లిన ఆరతికి నగరం ఇచ్చిన మొదటి వస్తువు ఏమిటో తెలుసా? అద్దం. ఆఫీసులో ఆడవాళ్ల గదిలో ఉన్న అద్దం. మొదటి జీతం అందుకున్న రోజు ఆమె ఒక్కతే ఆ అద్దం ముందు నిలబడుతుంది. చేతిలో కొత్త నోట్లు. వాటిని చూస్తుంది, అద్దంలో తనను చూసుకుంటుంది. ఆమె జీవితంలో తనను తాను చూసుకోవడానికి తలుపున్న గది దొరికింది అక్కడ. ఇంట్లో కాదు, ఆఫీసులో. ఆ సన్నివేశం రాగానే నేను ప్రతిసారీ కెమెరా సంగతి మరిచిపోతాను. ఆ ముఖమే చూస్తాను.

అదే గదిలో ఆమె స్నేహితురాలు, ఎడిత్ అనే ఆంగ్లో-ఇండియన్ అమ్మాయి, ఆమెకు లిప్‌స్టిక్ వేస్తుంది. ఆరతి దాన్ని సంచిలో దాచుకుంటుంది. ఇంటికి వచ్చే ముందు తుడిచేసుకుంటుంది. ఒకరోజు అది భర్త కంటపడుతుంది. ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఇది నలుపు తెలుపు సినిమా. లిప్‌స్టిక్ ఎరుపు మనకు కనబడదు. బూడిద రంగు ముఖంలో కొంచెం ముదురు చార మాత్రమే. అయినా హాలులో ప్రతి ఒక్కరికీ ఆ ఎరుపు కనబడుతుంది. ఎందుకు? ఆ ఇంటి వెలుతురు అంత సమంగా, అంత మామూలుగా ఉంది కాబట్టి. అన్నీ ఒకే స్థాయిలో ఉన్నచోట చిన్న తేడా కూడా కేకలా వినబడుతుంది. ఆమె దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేస్తుంది. కిటికీ బయట ఏముంది? నగరం. ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోయింది.

ఇంకొక సన్నివేశం గురించి చెప్పకుండా ఉండలేను. అప్పటికి సుబ్రత బ్యాంకు దివాళా తీసింది, అతని ఉద్యోగం పోయింది. ఇంట్లో జీతం తెచ్చేది భార్య. అతను ఒక టీ హోటలులో కూర్చుని ఉంటాడు. అదే హోటలులోకి ఆరతి వస్తుంది, పక్కన ఒక మగమనిషి. అమ్మకం పని మీద పరిచయమైన ఒకావిడ భర్త. సుబ్రత న్యూస్‌పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంటాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న భార్య మాటలు వింటాడు. ఆమె ఏం చెబుతోంది? తన భర్త గురించి గొప్పగా చెబుతోంది. మంచి వ్యాపారం చేస్తున్నాడని, తనకు పని చేయాల్సిన అవసరమే లేదని. అతని పరువు కాపాడటానికి పరాయి మనిషితో అబద్ధమాడుతోంది. అతనేమో పేపరు వెనక దాక్కుని ఉన్నాడు.

నగరం లేకపోతే ఈ సన్నివేశం సాధ్యమా? పల్లెటూరిలో భార్యాభర్తలు ఒకరికొకరు తెలియకుండా ఒకేచోట కూర్చోగలరా? పేపరు చాటున దాక్కోగలరా? నగరం ఇంట్లో వాళ్లను ఊపిరాడనంత దగ్గరగా కుక్కింది. అక్కడ ఒకరి మనసు ఒకరికి తెలియలేదు. బయట అపరిచితుల్లా కూర్చోబెట్టింది. అక్కడ అతను భార్యను మొదటిసారి పరాయి మనిషిలా చూశాడు, తన గురించి ఆమె ఏమనుకుంటోందో విన్నాడు. ఇద్దరి మధ్య ఒక కాగితం మందం అడ్డు. చిరిగిన తెర గుర్తుందా? అది గుడ్డ, ఇది పేపరు. రాయ్‌కు గోడలంటే నమ్మకం లేదేమో అనిపిస్తుంది. చింపితే చిరిగిపోయే వాటినే మనుషుల మధ్య పెడతాడు.

చివరి సన్నివేశం చెప్పేస్తాను. చెప్పినా నష్టం లేదు, తెలిసి చూసినా అది తగ్గదు. ఎడిత్‌ను అన్యాయంగా తీసేశారని యజమానితో గొడవపడి ఆరతి రాజీనామా చేస్తుంది. మెట్ల దగ్గర భర్త ఎదురవుతాడు. ఇంట్లో ఇప్పుడు ఇద్దరికీ ఉద్యోగం లేదు. ఆమె భయపడుతోంది, అతను కోప్పడడు. తాను చేయలేని పని ఆమె చేసిందని ఒప్పుకుంటాడు. ఇంత పెద్ద నగరంలో మనకు ఏదో ఒక పని దొరకదా అని ఇద్దరూ అనుకుంటారు. వీధిలోకి వస్తారు. సాయంత్రం ఆఫీసులు వదిలిన వేళ. ఇద్దరూ నడుస్తూ జనంలో కలిసిపోతారు. కెమెరా వాళ్ల వెంట వెళ్లదు. నెమ్మదిగా తల పైకెత్తుతుంది. అక్కడ వీధి దీపం. స్తంభానికి రెండు బల్బులు. ఒకటే వెలుగుతోంది.

ఆ ఒక్క బల్బు గురించి సినిమా వాళ్లం ఎన్ని రాత్రులు వాదించుకున్నామో. ఇద్దరిలో ఒకరికే ఉద్యోగం దొరుకుతుందని సూచన అన్నవారున్నారు. ఆశ సగమే అన్నవారున్నారు. నేనూ చాలాకాలం అలాంటి అర్థాలు చెప్పేవాణ్ని. ఒకసారి ఇంట్లో నా భార్యతో కలిసి చూశాను. చూసి ఆమె అంది, 'మన సందులో కూడా అంతే కదండీ, బల్బు పోతే వారాల తరబడి ఎవరూ మార్చేవారు కాదు. అయినా మనం వెళ్లి నిలబడేవాళ్లం.' అప్పటి నుంచి నేను ఆ దీపానికి అర్థాలు చెప్పడం మానేశాను. ఆ ఇద్దరి మాటలు మెట్ల దగ్గర, వీధిలో, జనం మధ్యలో జరిగాయని చూస్తున్నాను. సినిమా మొత్తంలో వాళ్లు ఇంత తెరిపిగా మాట్లాడుకున్నది ఇంట్లో ఎక్కడా లేదు. ఆ మాటలకు నగరమే చోటిచ్చింది. ఒక బల్బు పోయిన దీపం కిందే, అయినా ఇచ్చింది.

మూడో దీపం హాంకాంగ్‌ది. వాంగ్ కార్-వై తీసిన 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్'. ఆయన షాంఘైలో పుట్టి ఐదేళ్ల వయసులో హాంకాంగ్ వచ్చినవాడు. ఆ సినిమాలో మనుషులు కూడా షాంఘై నుంచి వచ్చి ఇరుకు ఇళ్లలో గదులు అద్దెకు తీసుకున్నవాళ్లే. ముఖ్య పాత్రల్లో మ్యాగీ చ్యూంగ్, టోనీ ల్యూంగ్. పక్కపక్క ఇళ్లలో గదులు. ఒకే రోజు సామాను దింపుకుంటారు, ఒకరి సామాను ఇంకొకరి గదిలోకి వెళ్లిపోతుంది. అది మొదలు. ఆమె భర్తకూ ఇతని భార్యకూ సంబంధం ఉందని ఇద్దరికీ తెలుస్తుంది. ఆ భర్త ముఖం, ఆ భార్య ముఖం సినిమాలో మనకు చూపించరు. వీపు, గొంతు, అంతే. మోసం చేసినవాళ్లు మనకు కనబడరు, మోసపోయినవాళ్లే కనబడతారు.

ఇది ఇంటి ఓనర్లున్న సినిమా. పోర్షన్ సినిమా. అందుకే నాకు అంత దగ్గరైంది. కెమెరా ఎప్పుడూ గుమ్మం చాటునో, తెర వెనకో, అల్మారా పక్కనో నిలబడుతుంది. మనం పొరుగింటి వాళ్లలాగా తొంగిచూస్తున్నట్టుంటుంది. నడవ ఎంత ఇరుకంటే ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరగాలి. ఒక రాత్రి ఆమె అతని గదిలో ఉండగా ఓనర్లు వచ్చి పేకాటలాంటి మాజాంగ్ ఆటకు కూర్చుంటారు. ఆట తెల్లవారినా ఆగదు. తప్పేమీ చేయని ఇద్దరు మనుషులు తలుపు తీసుకుని బయటికి రాలేక ఆ గదిలోనే ఉండిపోతారు. ఎవరేమనుకుంటారో అని. మన ఊళ్లలో తెలియనిదా ఇది?

ఆమె రోజూ రాత్రి క్యారియర్ పట్టుకుని మెట్లు దిగి నూడుల్స్ తెచ్చుకోవడానికి వెళ్తుంది. అవును, వాళ్లకు కూడా గిన్నె పట్టుకుని బయటికి వెళ్లే సాకు ఉంది. అతను మెట్లు ఎక్కుతూ ఎదురవుతాడు. ఆ సన్నివేశాలు నెమ్మది చలనంలో ఉంటాయి. మామూలుగా కెమెరాలో సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతాయి. దాన్ని వేగంగా తిప్పి తీసి, మామూలు వేగంతో చూపిస్తే కదలిక నెమ్మదిస్తుంది. ఇది అందరికీ తెలిసిన ఉపాయమే, మా వాళ్లు పోరాటాలకు విపరీతంగా వాడతారు. ఇక్కడ మెట్లు దిగడానికి వాడారు. భుజం భుజం రాసుకోకుండా దాటిపోయే ఆ రెండు క్షణాలను సాగదీశారు. ఎందుకంటే వాళ్లకు ఉన్నదే ఆ రెండు క్షణాలు. చోటు లేనప్పుడు కాలాన్నే గదిలా కట్టి ఇచ్చారు. ఛాయాగ్రహణం క్రిస్టొఫర్ డాయిల్, మార్క్ లీ పింగ్-బింగ్. వాళ్లిద్దరికీ నేను మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

మెట్ల అవతల సందు. పాత పోస్టర్లు ఊడిపోతున్న గోడ. ఒక దీపం. వర్షం వస్తే ఇద్దరూ అక్కడే ఆగుతారు. అతను సింగపూర్ వెళ్లిపోవాలనుకున్నప్పుడు వీడ్కోలు ఎలా చెప్పుకోవాలో ఆ సందులోనే అభ్యాసం చేస్తారు. అభ్యాసమే. ఆమె నిజంగా ఏడ్చేస్తుంది. కెమెరా కిటికీ ఊచల వెనక నుంచి చూస్తూ ఉంటుంది. బయట వీధిలో నిలబడ్డా వాళ్లు ఊచల వెనకే ఉన్నట్టు కనబడతారు. ఆరతికి, సుబ్రతకు వీధి విడుదలనిచ్చింది. వీళ్లకు వీధి కూడా ఇల్లులాగే కాపలా కాసింది.

ఒక విషయం తెలుసా? ఆ సందు హాంకాంగ్‌ది కాదు. ఆ నాటి హాంకాంగ్ వీధులు అప్పటికే పోయాయి. వెతుక్కుంటూ బ్యాంకాక్ వెళ్లి అక్కడి పాత వీధుల్లో తీశారు. తన చిన్ననాటి ఊరిని వేరే దేశంలో వెతుక్కోవాల్సి వచ్చింది ఆ దర్శకుడికి. ఆ మాట తెలిసిన రోజు నేను చిక్కడపల్లి వెళ్లాను. మా సందు ఉంది. స్తంభం లేదు. పోర్షన్ ఉన్నచోట ఐదంతస్తుల అపార్టుమెంటు. దాని గేటు దగ్గర తెల్లగా కళ్లు చెదిరే లైటు, కెమెరా, వాచ్‌మన్ కుర్చీ. ఎవరు కావాలండీ అని అడిగాడు వాచ్‌మన్. ఎవరూ కాదు నాయనా అని వచ్చేశాను. ఆ వెలుతురులో ఎవరూ నిలబడి మాట్లాడుకోలేరు. ఇప్పటి కొత్త జంటలు ఎక్కడ మాట్లాడుకుంటున్నారు? మెట్రో ప్లాట్‌ఫారం మీదా? బండి మీద, హెల్మెట్ల మధ్య నుంచి గట్టిగా అరుచుకుంటూనా? ట్యాంక్‌బండ్ మీదా? ఇది నేను ఊరికే అడగడం లేదు. ఇక్కడ కెమెరా నేర్చుకుంటున్న పిల్లలు కొందరున్నారు. వాళ్లను అడుగుతున్నాను. డ్రోను ఎగరేసి దుర్గం చెరువు వంతెనను పైనుంచి చూపిస్తే నగరం వచ్చేసిందని అనుకోకండి. అక్కడి నుంచి ఇద్దరు మనుషులు కనబడరు. కిందికి దిగండి. మీ కథలోని ఆ ఇద్దరూ ఈ ఊళ్లో ఎక్కడ నిలబడి మాట్లాడుకుంటారో ముందు వెతకండి. వెళ్లి రాత్రిపూట అక్కడ ఒక గంట నిలబడండి. ఏ వెలుతురు పడుతోందో, ఏ చప్పుడు వినబడుతోందో చూడండి. లెన్సు సంగతి ఆ తర్వాత.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఆపేస్తాను.

సినిమా మొదలవగానే పేర్లు పడతాయి. ఆ పేర్ల వెనక ట్రామ్ పైన ఉండే కడ్డీ కనబడుతుంది. అది తలమీది కరెంటు తీగను తాకుతూ, తీగ వెంటే పోతూ ఉంటుంది. మధ్య మధ్య నిప్పురవ్వలు రాలతాయి. పేర్లు చదువుతూ ఆ కడ్డీని వదిలేయకండి. సినిమా దాంతోనే మొదలైంది. తలుపు దగ్గర ఉన్న ఆ లైటు కూడా ఆర్పేయండి బాబూ.